కేబుల్ రివ్యూలకు ఒక రివ్యూ: విశాఖ హాల్లో ఏ మాట నిలుస్తుంది?

ఆడియో కేబుళ్ళ మీద వచ్చే రివ్యూలు చదివి వేలకు వేలు పోసి వైరు కొనొచ్చా? సూటిగా చెప్పాలంటే, రివ్యూలో అంకెలుంటే అవి మీ ఇంటికి పనికొస్తాయి. విన్న అనుభవం మాత్రం రాసినవారి గది దాటి రాదు. మార్కులు వేయమంటే అంకెలిచ్చిన రివ్యూకి 5కి 4 వేస్తాం. "బేస్ బిగిసింది, గొంతు ముందుకొచ్చింది, తెర తీసినట్టయింది" అనే మాటలతోనే నడిచే రివ్యూకి 5కి 1. ఆ ఒక్క మార్కూ కనెక్టర్‌నీ కోసిన వైరు చివరనీ దగ్గరగా ఫొటో తీసి చూపించినందుకు, ఎందుకంటే ఆ ఫొటోలు నిజంగా అక్కరకొస్తాయి.

రాసినవాళ్ళు అబద్ధమాడుతున్నారని కాదు. వాళ్ళకి తేడా నిజంగానే వినిపించి ఉండొచ్చు. కాకపోతే ఆ తేడా వైరు వల్ల వచ్చింది కాకపోవచ్చు, వైరు వల్లే వచ్చినా మీ సెట్టులో రాకపోవచ్చు.

ముందు స్పీకర్ వైరు సంగతి చూద్దాం. ఆంప్లిఫయర్‌కీ స్పీకర్‌కీ మధ్య అది ఒక చిన్న రెసిస్టర్‌లా పనిచేస్తుంది. ఎంత చిన్నదనేది మందం మీద, పొడవు మీద ఉంటుంది. ఫ్లెక్సిబుల్ రాగి వైరుకి కిలోమీటరుకి ఉండాల్సిన గరిష్ఠ రెసిస్టెన్స్ ఇలా: 0.5 స్క్వేర్ ఎంఎంకి 39 ఓంలు, 1కి 19.5, 1.5కి 13.3, 2.5కి 7.98, 4కి 4.95. కరెంటు వెళ్ళి తిరిగి రావాలి కాబట్టి ఆంప్ నుంచి స్పీకర్ 5 మీటర్ల దూరంలో ఉంటే లెక్క 10 మీటర్లకి వేయాలి. అంటే సన్నటి 0.5 వైరుకి 0.39 ఓం, 2.5 వైరుకి 0.08 ఓం.

ఇక స్పీకర్. వెనక పలక మీద దాని ఇంపెడెన్స్ (కరెంటుకి అది పెట్టే అడ్డు) 8 ఓంలు అని రాసున్నా అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా అది 8 కాదు. ఒకచోట 4కి దిగి, ఇంకోచోట 30కి ఎక్కే స్పీకర్లు చాలా ఉన్నాయి. అలాంటి స్పీకర్‌కి పై సన్న వైరు తగిలిస్తే 4 ఓంల చోట 0.8 డెసిబెల్ పోతుంది, 30 ఓంల చోట 0.1 మాత్రమే పోతుంది. 0.7 డెసిబెల్ హెచ్చుతగ్గు వైరే తెచ్చిపెట్టిందన్నమాట. జాగ్రత్తగా వినేవారికి ఇది తెలుస్తుంది. 2.5 వైరుతో ఆ హెచ్చుతగ్గు 0.15కి పడిపోతుంది. అక్కణ్ణుంచి 4 స్క్వేర్ ఎంఎంకి వెళ్తే 4 ఓంల చోట కూడా వచ్చే లాభం 0.06 డెసిబెల్, అది చెవికి అందదు. ఇదే సన్న వైరుని ఇంపెడెన్స్ పెద్దగా మారని 8 ఓంల స్పీకర్‌కి పెడితే మొత్తం శబ్దం ఓ 0.4 డెసిబెల్ తగ్గుతుంది, స్వరం తీరు మారదు. వైరు ఒకటే, ఇల్లు మారితే ఫలితం మారిపోయింది. అందుకే ఏ వైరు నుంచి ఏ వైరుకి మారారు, పొడవెంత, స్పీకర్ కనిష్ఠ ఇంపెడెన్స్ ఎంత అనే మూడు వివరాలు లేని రివ్యూ ఎంత బాగా రాసినా మీ నిర్ణయానికి సాయం చేయదు.

ఆంప్లిఫయర్ కూడా లెక్కలోకి వస్తుంది. నెయిమ్ ఆంప్లిఫయర్లు చాలావాటిలో, మామూలుగా అవుట్‌పుట్ దగ్గర ఉండే కాయిల్ ఉండదు. అందుకే తమ ఎన్‌ఏసీ ఏ5 వైరుని ఒక్కో వైపు కనీసం 3.5 మీటర్లు వాడమని ఆ కంపెనీయే చెబుతుంది. అక్కడ వైరుకుండే ఇండక్టెన్స్ (కరెంటు మార్పుని అడ్డుకునే గుణం) ఆంప్ నిలకడలో భాగం. ఎక్కువ కెపాసిటెన్స్ (రెండు తీగల మధ్య చార్జిని పట్టి ఉంచే గుణం) ఉండే అల్లిక వైరుని పొట్టిగా కోసి అలాంటి ఆంప్‌కి తగిలిస్తే అది ఆసిలేట్ అయి, అంటే తనంతట తానే సిగ్నల్ పుట్టించుకుని, వేడెక్కే ప్రమాదం ఉంది. అదే వైరు, లోపల కాయిల్ ఉన్న ఇంకో ఆంప్‌తో ఏ గొడవా లేకుండా నడుస్తుంది. వాల్వు ఆంప్ అయితే దాని సొంత అవుట్‌పుట్ ఇంపెడెన్సే 1, 2 ఓంలుండొచ్చు. దాని పక్కన 0.08 ఓం ఎంత?

ఇంటర్‌కనెక్ట్‌లకి, అంటే ఒక పరికరం నుంచి ఇంకోదానికి సిగ్నల్ తీసుకెళ్ళే కేబుళ్ళకి వస్తే, చూడాల్సింది కెపాసిటెన్స్, షీల్డు. డాక్ (డిజిటల్ సిగ్నల్‌ని అనలాగ్‌గా మార్చే పెట్టె) నుంచో సీడీ ప్లేయర్ నుంచో 1.5 మీటర్ల ఆర్‌సీఏ కేబుల్ వేశారనుకోండి. మీటరుకి 100 పీకోఫారడ్లు, సోర్స్ ఇంపెడెన్స్ 1000 ఓంలు అనుకున్నా ట్రెబుల్ తగ్గడం మొదలయ్యేది 10 లక్షల హెర్ట్జ్ దగ్గర. మనిషి చెవి 20 వేల దగ్గరే ఆగిపోతుంది. ఇలాంటి సెట్టులో ఒక కేబుల్ "తీపి"గా, ఇంకోటి "పదును"గా ఉందని చెబితే ఆ కారణం కెపాసిటెన్స్‌లో దొరకదు.

కెపాసిటెన్స్ నిజంగా దెబ్బకొట్టే చోట్లు రెండున్నాయి. మొదటిది ప్యాసివ్ ప్రీఆంప్, అంటే సిగ్నల్‌ని పెంచకుండా వాల్యూమ్ మాత్రం తగ్గించే పెట్టె. 50 కిలో ఓంల వాల్యూమ్ పాట్ సగం దగ్గర 12.5 కిలో ఓంల సోర్స్ అవుతుంది. దానికి 5 మీటర్ల కేబుల్, అంటే 500 పీకోఫారడ్లు తగిలిస్తే 20 వేల హెర్ట్జ్ దగ్గర 2 డెసిబెల్ పోతుంది. రెండోది గ్రామఫోను టర్న్‌టేబుల్. సూది ఉండే మూవింగ్ మ్యాగ్నెట్ కార్ట్‌రిడ్జ్‌లో అర హెన్రీ దాకా ఇండక్టెన్స్ ఉంటుంది. దానికి 200 పీకోఫారడ్లు జతైతే 16 వేల హెర్ట్జ్ చుట్టుపక్కల, 400 జతైతే 11 వేల చుట్టుపక్కల రెజొనెన్స్ వస్తుంది, అంటే ఆ చోట శబ్దం ఉబ్బుతుంది. వయొలిన్ కీచుమనడం, "స" అక్షరం బుసకొట్టడం చాలాసార్లు ఇక్కణ్ణుంచే వస్తాయి. కార్ట్‌రిడ్జ్ కాగితం మీద 100 నుంచి 200 అని ఉంటే టోన్‌ఆర్మ్ వైరు, కేబుల్, ఫోనో స్టేజీ (టర్న్‌టేబుల్ సిగ్నల్‌ని పెంచే పెట్టె) మూడూ కలిపి ఆ లోపల ఉండాలి. టర్న్‌టేబుల్ ఉన్నవారు రివ్యూలో వెతకాల్సిన అంకె ఇదే. బెల్డెన్ 1694ఏ మీటరుకి 53 పీకోఫారడ్లు, కెనారే ఎల్-4ఈ6ఎస్ మీటరుకి 150. ఈ రెండో కేబుల్‌ని బ్యాలెన్స్‌డ్ మైకు లైను కోసం చేశారు, ఆ పనికి అది చాలా బాగుంటుంది. టర్న్‌టేబుల్‌కి మాత్రం దాన్ని ఎంచుకోవద్దు. చౌకగా దొరుకుతుందని డిష్ టీవీ ఆర్‌జీ-6 వైరుతో ఆర్‌సీఏ చేసుకోవద్దు కూడా. కెపాసిటెన్స్ తక్కువే అయినా, వాటిలో చాలావరకు నడిమి తీగ రాగి పూసిన ఉక్కు, షీల్డ్ అల్యూమినియం. అల్యూమినియానికి మామూలు టంకం పట్టదు.

యూఎస్‌బీ, ఆప్టికల్, కోయాక్సియల్ డిజిటల్ కేబుళ్ళ రివ్యూల మీద ఎక్కువసేపు ఆగక్కర్లేదు. కేబుల్ చెడితే టక్‌మని శబ్దం, మధ్యలో ఆగిపోవడం, డాక్ లాక్ కాకపోవడం జరుగుతాయి. బేస్ తగ్గడం, గొంతు వెనక్కెళ్ళడం ఆ చెడిపోవడంలో ఉండవు. యూఎస్‌బీ 5 మీటర్లు మించనివ్వకండి, కోయాక్సియల్‌కి 75 ఓంల కేబుల్ వాడండి.

విశాఖవారికి అసలు విషయం వైరు చివరల్లో ఉంది. లాసన్స్ బే కాలనీలోనో పెద వాల్తేరులోనో సాయంత్రం పూట బాల్కనీ తలుపు తెరిచి ఉంచే ఇంట్లో, రెండేళ్ళుగా కదపని స్పీకర్ వైరు విప్పి చూడండి. వైరుని బిగించే బైండింగ్ పోస్టు మర వేలు తగిలితేనే తిరుగుతుంది. లోపల రాగి పోగులు నొక్కుకుపోయి పలకలా అయ్యుంటాయి. ఎర్రటి మెరుపు పోయి ముదురు గోధుమ రంగు, పోస్టు అంచున పచ్చటి చిలుము. పోగుల్ని గోటితో విడదీస్తే పొడి రాలుతుంది. పారదర్శకమైన పీవీసీ వైరైతే ఆ పచ్చదనం ఇన్సులేషన్ కింద ఇంకో జానెడు లోపలికి పాకడం కూడా కనిపిస్తుంది.

సముద్రపు గాలిలో ఉప్పు, తేమ కలిసి రాగిని తింటాయి. రాగి మెత్తటి లోహం కాబట్టి మర బిగించిన చోట మెల్లగా జరిగి పల్చబడుతుంది, బిగువు సడలుతుంది, ఆ సందులోకి ఇంకా తేమ చేరుతుంది. ఆర్‌సీఏ ప్లగ్గుల్లో వెళ్ళేది చిన్న సిగ్నల్ కాబట్టి అక్కడ ఫలితం ముందే బయటపడుతుంది. ఒక వైపు శబ్దం తగ్గడం, ప్లగ్గు తిప్పితే గరగరలాడి తిరిగి రావడం అవే.

ఈ స్థితిలో ఉన్న సెట్టుకి ఏ కొత్త కేబుల్ తగిలించినా శబ్దం బాగుపడుతుంది. పాత ప్లగ్గు లాగి కొత్తది గుచ్చినప్పుడే సాకెట్ మీది పొర రాపిడికి పోతుంది. కొత్త రాగి, కొత్త బిగింపు దానికి తోడు. తేడా నిజం, చెవి మోసపోలేదు. కాని ఆ మంచి పేరు 15,000 రూపాయల కేబుల్‌కి వెళ్ళిపోతుంది, 2 సెంటీమీటర్ల రాగి కోసి పారేసినా అదే వచ్చేదని ఎవరూ గమనించరు. అందుకే పాత కేబుల్ చివరలు శుభ్రం చేసి పోల్చారా లేదా అని చెప్పని రివ్యూని, ముఖ్యంగా కోస్తా ఊళ్ళ నుంచి వచ్చినదాన్ని, మేం పక్కన పెడతాం.

కొత్తది కొనే ముందు ఈ పని చేయండి. ఆంప్ ఆపి, ప్లగ్గు గోడ నుంచి తీసి పది నిమిషాలు ఆగండి. వైరు చివర 2 సెంటీమీటర్లు కోయండి. లోపల ఎర్రటి మెరిసే రాగి వచ్చేదాకా కోస్తూ వెళ్ళండి. జానెడు కోసినా నలుపే వస్తుంటే ఆ వైరు అయిపోయినట్టే. మంచి రాగి దొరికాక 12 మిల్లీమీటర్ల ఇన్సులేషన్ తీయండి. బ్లేడుతో తీసేటప్పుడు పోగులు తెగకుండా చూసుకోండి, నాలుగైదు పోగులు తెగితే మళ్ళీ కోసి మొదలుపెట్టడం మేలు. పోగుల్ని మెలేసి, వైరు సైజుకి సరిపడే టిన్ పూత రాగి పిన్ లగ్గు తొడిగి క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కండి. అప్పుడు మర నొక్కేది లగ్గుని, పోగుల్ని కాదు. చాలామంది చివరకి టంకం పెట్టి మర కింద బిగిస్తారు. అది తప్పు. టంకం ఒత్తిడికి జరిగిపోతుంది, కొన్ని నెలల్లో మళ్ళీ వదులవుతుంది. ఆర్‌సీఏ ప్లగ్గునీ సాకెట్‌నీ 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచి, ఆరాక గుచ్చి ఐదారుసార్లు తిప్పండి. తుప్పు వదిలించే జిడ్డు స్ప్రేలు కొట్టొద్దు, దుమ్ము అతుక్కుంటుంది. ఆ తర్వాత వారం రోజులు అదే పాత కేబుల్‌తో వినండి.

అప్పటికీ వైరు మార్చాలనిపిస్తే అది రాగేనా అని ముందు తేల్చుకోండి. అల్యూమినియం మీద పల్చగా రాగి పూసిన సీసీఏ వైరుని స్పీకర్ కేబుల్ పేరుతో అమ్మడం మామూలైపోయింది. పైకి మేడిపండులా నిగనిగలాడుతుంది. దాని రెసిస్టెన్స్ రాగికి ఒకటిన్నర రెట్లు పైనే. అంతకన్నా పెద్ద ఇబ్బంది ఏమిటంటే, కోసిన చివర రాగీ అల్యూమినియమూ పక్కపక్కన ఉప్పుగాలికి తగిలితే ఆ చివర త్వరగా తినేసుకుపోతుంది, రెండుసార్లు వంచితే పోగు విరుగుతుంది. ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి. లోపల వెండి రంగు కనిపిస్తే అది సీసీఏ. టిన్ పూసిన రాగైతే తెలుపు పైన, ఎరుపు లోపల ఉంటుంది. సీసీఏలో ఎరుపు పైన, తెలుపు లోపల. గీకడం కుదరకపోతే తూకం వేయించండి. 2.5 స్క్వేర్ ఎంఎం జంట వైరు 10 మీటర్ల ముక్కలో లోహం ఒక్కటే రాగైతే 450 గ్రాముల దాకా తూగుతుంది, సీసీఏ అయితే 165 నుంచి 180 గ్రాములు. ఇన్సులేషన్ బరువు దీనికి అదనం. కిరాణా కొట్టు కాటా మీద కూడా తేలిపోయే తేడా ఇది.

"ఆక్సిజన్ ఫ్రీ కాపర్" అని రివ్యూల్లో పెద్ద అక్షరాల్లో రాస్తారు. మామూలు ఎలక్ట్రికల్ రాగికీ దానికీ వాహకత్వంలో తేడా 1 శాతం. వైరు పొడవు 5 సెంటీమీటర్లు తగ్గించినా 5 మీటర్ల మీద అంతే లాభం వస్తుంది. దానికోసం ఎక్కువ ధర పెట్టక్కర్లేదు.

మా సిఫారసు ఇళ్ళ వైరింగ్‌కి వాడే 2.5 స్క్వేర్ ఎంఎం మల్టీస్ట్రాండ్ రాగి వైరు. ఎలక్ట్రీషియన్లు 36/0.3 అని పిలుస్తారు, అంటే 0.3 మిల్లీమీటర్ల పోగులు 36. చివర విప్పి లెక్కపెట్టుకోవచ్చు. ఐఎస్ఐ మార్కు, ఐఎస్ 694 నంబరు వైరు మీదే అచ్చయి ఉండాలి. ఎరుపొకటి, నలుపొకటి తీసుకుని, రెంటినీ ఒక చివర డ్రిల్లుకి బిగించి మెలేస్తే, 3 సెంటీమీటర్లకి ఒక మెలిక పడేలా, స్పీకర్ వైరు సిద్ధం. 8 ఓంల స్పీకర్‌కి వైరు రెసిస్టెన్స్ 5 శాతం లోపు ఉండాలనే లెక్కన 1 స్క్వేర్ ఎంఎం 10 మీటర్ల దాకా, 1.5 అయితే 15, 2.5 అయితే 25 మీటర్ల దాకా నడుస్తాయి. 4 ఓంలైతే అన్నీ సగం. మామూలు ఫ్లాట్ హాల్లో 5, 6 మీటర్లు మించవు కాబట్టి 2.5 వేస్తే ఇంకో ఆలోచన అక్కర్లేదు.

కొన్న వైరుని ఇంట్లోనే కొలవొచ్చు. మల్టీమీటర్ ఓమ్స్ రేంజ్‌తో ఇది తేలదు, మీటరు పిన్నుల రెసిస్టెన్సే 0.1 నుంచి 0.3 ఓం ఉంటుంది. 12 వోల్ట్, 2 ఆంపియర్ల అడాప్టర్, 10 ఓంల 25 వాట్ల వైర్‌వౌండ్ రెసిస్టర్ తీసుకోండి. వైరు ఒక చివర రెండు పోగుల కట్టల్నీ కలిపి మెలేయండి. రెండో చివర నుంచి రెసిస్టర్ ద్వారా అడాప్టర్‌కి కలపండి. దాదాపు 1.2 ఆంపియర్లు పారతాయి. మల్టీమీటర్‌ని 200 మిల్లీవోల్ట్ డీసీలో పెట్టి, వైరు మొదట్లో రెండు రాగి చివరల మధ్య నేరుగా చూడండి. 5 మీటర్ల 2.5 రాగి వైరుకి 95 మిల్లీవోల్ట్‌లు లేదా ఇంకొంచెం తక్కువ రావాలి. 120 పైన వస్తే అది సీసీఏ, లేదా సైజులో కోత పెట్టిన వైరు. రెసిస్టర్ 14 వాట్లు తింటుంది, చేయి కాలుతుంది. నిమిషంలో ముగించి తీసేయండి.

రివ్యూలో చెప్పిన తేడా మీ చెవికి అందుతుందో లేదో తేల్చాలంటే ఇంకో మనిషి సాయం కావాలి. 200 హెర్ట్జ్ టోన్ పెట్టి స్పీకర్ చివరల దగ్గర ఏసీ వోల్టేజ్ చూసి, రెండు కేబుళ్ళకీ 1 శాతం లోపు సరిపోల్చండి. ఒకదానికి 2.00 వోల్ట్‌లుంటే రెండోదానికి 2.02 దాటకూడదు. ఈ ఒక్క మెట్టు వదిలేస్తే మిగతా పరీక్షంతా వృథా, ఎందుకంటే కాస్త గట్టిగా మోగేది ఎప్పుడూ మెరుగ్గానే వినిపిస్తుంది. తర్వాత రెండో మనిషి మీకు కనిపించకుండా రూపాయి బిళ్ళ ఎగరేసి, బొమ్మ పడితే ఒకటి, బొరుసు పడితే రెండోది తగిలించాలి. వైరు మార్చినా మార్చకపోయినా విప్పి బిగించిన చప్పుడు చేయాలి, సమయం ఒకేలా తీసుకోవాలి. కుర్చీ కదపకండి, తల జానెడు జరిగినా ట్రెబుల్ కేబుల్ తేడా కన్నా ఎక్కువ మారుతుంది. 10 సార్లలో 9 సరిగ్గా చెబితే తేడా ఉన్నట్టు నమ్మొచ్చు, ఊహించి అలా చెప్పే అవకాశం 1 శాతమే. 7 సరిగ్గా చెప్పడం ఊహకి కూడా తరచుగా జరుగుతుంది.

పవర్ కార్డు రివ్యూల్ని ఈ ఊళ్ళో అన్నిటికన్నా తక్కువ నమ్మండి. సెట్టులో గుయ్‌మనే హమ్ ఉంటే కార్డు మార్చినందువల్ల పోదు. ముందు కేబుల్ టీవీ వైరుని సెట్‌టాప్ బాక్సు నుంచి లాగి చూడండి. హమ్ ఆగితే అది గ్రౌండ్ లూప్ (రెండు దారుల్లో ఎర్త్‌కి కలవడం వల్ల పుట్టే హమ్), ఆ వైరు దారిలో ఐసొలేటర్ పెడితే సరిపోతుంది. సన్నటి బుర్రుమనే శబ్దం ఫ్యాను వేగం తగ్గించినప్పుడే వస్తుంటే కారణం ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్. కెపాసిటర్లతో నడిచే మెట్ల రెగ్యులేటర్ పెట్టించండి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ మోగితే అది ఇన్వర్టర్ తరంగం తీరు, ప్యూర్ సైన్ వేవ్‌ది తప్ప వేరేది దాన్ని ఆపలేదు. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య ఏసీ వోల్టేజ్ 2, 3 వోల్ట్‌లు మించి కనిపిస్తే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. హమ్ పోతుందని మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఆంప్ లోపల ఇన్సులేషన్ పోయిన రోజున ప్రాణాన్ని కాపాడేది ఆ పిన్నే.

చేతిలో ఇంకా డబ్బు మిగిలితే విట్రిఫైడ్ టైల్స్ మీద మందపాటి తివాచీ, గాజు తలుపులకి బరువైన తెర కొనండి. చప్పట్లు కొడితే మోగే హాల్లో ఆ రెండూ తెచ్చే మార్పు ఏ పరీక్షా అక్కర్లేకుండానే వినిపిస్తుంది. బీచ్ రోడ్డు పక్క ఇళ్ళలో వైరు చివరలు ఆర్నెల్లకోసారి, మధురవాడ, సీతమ్మధార వైపు ఏడాదికోసారి విప్పి చూడండి. అక్టోబరు, నవంబరు వాయుగుండాలు దాటాక, డిసెంబరులో తేమ తగ్గిన ఒక మధ్యాహ్నం ఆ పనికి అనువైన సమయం.